అతి నటన అన్న అభియోగం

ఒక కళాకృతిని తోసిపుచ్చడానికి పండితులకూ పామరులకూ సమానంగా అందుబాటులో ఉన్న మాట ‘అతి’. ఈ మాటకు రుజువు అక్కరలేదు. పలికినవాని ముఖభంగిమయే దానికి సాక్ష్యం. కొలత మీరిందని అది చెబుతుంది గాని, ఆ కొలతను నిర్ణయించిన వారెవరో, ఏ సందర్భానికి నిర్ణయించారో చెప్పదు. 1976లో అమెరికాలో విడుదలైన ‘ద మిస్సోరీ బ్రేక్స్’ అనే వెస్టర్న్ చలనచిత్రం మీదా, అందులో మార్లన్ బ్రాండో చూపిన నటన మీదా దాదాపు అర్ధ శతాబ్దంగా ఈ మాటే తీర్పుగా చెలామణి అవుతూ వచ్చింది. ఆ తీర్పును పునర్విచారించవలసిన అవసరం ఉంది. ఒక విదేశీ నటుని పరువు కాపాడడం ఈ విచారణకు ప్రయోజనం కాదు. అసాధారణమైనది ఎదురైనప్పుడు ప్రేక్షకుడూ విమర్శకుడూ ఎలా ప్రవర్తించాలన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. ఆ ప్రశ్న కలకత్తాదీ, హైదరాబాదుదీ కూడా.

చిత్రకథ క్లుప్తంగా ఇది. మోంటానా ప్రాంతంలో మిస్సోరీ నది ఒడ్డున, కోసుకుపోయిన గండ్ల నడుమ, డేవిడ్ బ్రాక్స్‌టన్ అనే పశువుల ఆసామి విశాలమైన భూములను ఏలుతూ ఉంటాడు. తన గుర్రాలను దొంగిలించిన యువకుణ్ణి అతడు విచారణ లేకుండా ఉరి తీయిస్తాడు. దొంగల ముఠా నాయకుడు టామ్ లోగన్ అందుకు ప్రతీకారంగా బ్రాక్స్‌టన్ మేస్త్రీని ఉరి తీస్తాడు. అప్పుడు ఆసామి రాబర్ట్ లీ క్లేటన్ అనే కిరాయి మనిషిని పిలిపిస్తాడు. అతని వృత్తికి ఆ ప్రాంతంలో ‘రెగ్యులేటర్’ అని పేరు. అంటే వ్యవహారాలను క్రమంలో పెట్టేవాడని అర్థం. అతడు చేసే పని మాత్రం మనుషులను దూరం నుంచి దూరదర్శినితో కనిపెట్టి, ఒక్కొక్కరినే చంపడం. రచయిత టామస్ మెగ్వేన్. దర్శకుడు ఆర్థర్ పెన్. సంగీతం జాన్ విలియమ్స్‌ది. లోగన్‌గా జాక్ నికొల్సన్, క్లేటన్‌గా బ్రాండో నటించారు.

ఈ పేర్లే చిత్రానికి తొలి శత్రువులయినవి. ‘వన్ ఫ్లూ ఓవర్ ద కకూస్ నెస్ట్’లోని నటనకు నికొల్సన్ ఆ సంవత్సరమే ఆస్కార్ అందుకున్నాడు. బ్రాండో ‘గాడ్‌ఫాదర్’ పాత్రకు 1973లో వచ్చిన అదే బహుమానాన్ని, అమెరికా ఆదివాసులను చలనచిత్రాలు చిత్రించే తీరుకు నిరసనగా నిరాకరించినవాడు. ‘బానీ అండ్ క్లైడ్’ తీసిన దర్శకుడు, ఇద్దరు మహానటులు, గుర్రాలు, తుపాకులు - ఇన్ని కలిసినప్పుడు ప్రేక్షకుడు ఊహించుకున్నది ఒక ద్వంద్వ యుద్ధాన్ని. ఎండ మండే వీధిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఎవరి చెయ్యి ముందు కదులుతుందో చూసే ముహూర్తం కోసం అతడు డబ్బిచ్చి కూర్చున్నాడు. ఆ ముహూర్తం రానే రాలేదు.

వచ్చిందేమిటి? గుర్రానికి ఒక పక్కగా వేలాడుతూ, ఎక్కేవాడు లేని గుర్రమే వస్తున్నదన్న భ్రమ కలిగిస్తూ బ్రాండో ప్రవేశిస్తాడు. చనిపోయిన మేస్త్రీ శవాన్ని మంచులో పెట్టి ఉంచగా, పంటినొప్పికని ఆ శవపేటికలోంచే మంచుముక్క తీసుకుంటాడు. ఒకచోట ఐరిష్ యాస, మరొకచోట ఇంకొక యాస. అంచులు వేలాడే తోలుకోటు ఒకనాడు, ముసలమ్మ గౌనూ తలకుచ్చెళ్ల టోపీ మరొకనాడు. పక్షులను పరిశీలిస్తాడు, తన గుర్రంతో ప్రేయసితో సరసమాడినట్టు మాటలాడతాడు, మనుషులను చంపుతాడు. ఈ మూడు పనులకూ అతని ముఖంలో భేదం లేదు.

విమర్శకులలో అధిక సంఖ్యాకులు మండిపడ్డారు. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు విన్సెంట్ కాన్బీకి ఇది అదుపు తప్పిన నటనగా కనబడింది. నటుడు చిత్రాన్ని తన వినోదానికి వాడుకున్నాడనీ, దర్శకుడు కళ్లెం వదిలేశాడనీ, నికొల్సన్ పాపం ఒంటరిగా అసలు కథను మోసుకువెళ్లాడనీ అన్నారు. కాలక్రమాన కొందరు మనసు మార్చుకున్నారు. 2003లో లండన్ ‘గార్డియన్’ పత్రికలో జాన్ బ్రూక్స్ ఈ చిత్రానికి కాలం మేలే చేసిందని రాశాడు. అయినా నేటికీ ఈ చిత్రం ప్రస్తావన వచ్చినచోట సభ రెండుగా చీలుతుంది. ఒక పక్షానికి అది ఒక మహానటుని వికార చేష్ట. రెండవ పక్షానికి అది ఎవరూ అర్థం చేసుకోని మహాద్భుతం. ఈ ఇరు పక్షాలదీ ఒకే లోపం: ఇద్దరూ నటుణ్ణే చూశారు, చిత్రాన్ని చూడలేదు.

ఇటువంటి వివాదాలను భారతదేశంలో తనవిగా చేసుకున్న నగరం కలకత్తా. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించిన నాటి నుంచి, దూరదేశపు చిత్రాన్ని ఇంటి వ్యవహారంలా తర్కించడం ఆ నగరవాసులకు అలవాటు. జాన్ ఫోర్డ్ వెస్టర్న్ చిత్రాలను రాయ్ ఎంత ఆదరించాడో 1976లోనే వెలువడిన అతని వ్యాససంపుటి ‘అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్’ చెబుతుంది. బ్రాండో కూడా ఆ లోకానికి పూర్తిగా పరాయివాడు కాడు. 1967లో యూనిసెఫ్ పనిమీద భారతదేశానికి వచ్చినప్పుడు అతడు రాయ్‌ని కలుసుకున్నాడు. నేడు ఆ సంప్రదాయంలో ఒక పాయ నగరానికి తూర్పున వెలసిన న్యూ టౌన్‌కు ప్రవహించింది. 1995లో ఆరంభమైన కలకత్తా అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి న్యూ టౌన్‌లోని నజ్రుల్ తీర్థ ప్రదర్శనశాలలు కూడా వేదికలైనవి.

అదే న్యూ టౌన్‌లో మరొక ప్రదర్శనశాల ఉంది: మైనపు బొమ్మల శాల. కవులు, నాయకులు, క్రీడాకారులు, తారలు అక్కడ తమ తమ ప్రసిద్ధ భంగిమలలో నిలబడి ఉంటారు. జనం పక్కన నిలబడి ఛాయాచిత్రాలు తీయించుకుంటారు. అందులో తప్పేమీ లేదు, వినోదానికి వినోదం. అయితే చలనచిత్రశాలలోకి అడుగుపెట్టేటప్పుడు కూడా ఆ మైనపు బొమ్మనే వెతుక్కోవడం తప్పు. ‘గాడ్‌ఫాదర్’ దవడలతో, ‘వాటర్‌ఫ్రంట్’ చూపులతో బ్రాండో అచ్చుపోసినట్టు మళ్లీ నిలబడతాడని ఆశించినవారికి, ఆ బొమ్మను తన చేతులతోనే కరిగించుకుంటున్న నటుడు ద్రోహిగా తోచాడు. ‘అతి’ అన్న మాటకు అసలు పుట్టుక ఇక్కడే.

ఇక అభియోగాలను ఒక్కొక్కటిగా విచారించవచ్చు. మొదటిది ఔచిత్యభంగం. వెస్టర్న్ ప్రక్రియకు కొన్ని మర్యాదలున్నాయి. ప్రతినాయకుడైనా గంభీరంగా ఉండాలి. చంపేవాడు చచ్చేవాని కళ్లలోకి చూసి చంపాలి. క్లేటన్ ఈ మర్యాదలన్నీ మంటగలిపాడని వారి ఆక్షేపణ. క్షేమేంద్రుని నాటి నుంచి ఔచిత్యం భారతీయ అలంకారికులకు ప్రాణసమానం గనుక ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. కాని ఔచిత్యం అన్నది దేనికి దేనితో పొందిక అని అడగాలి గదా! పాత్రకు కథతో పొందికా, లేక ప్రేక్షకుడు ఇంతకుముందు చూసిన కథలతో పొందికా? మొదటిది ఔచిత్యం; రెండవది అలవాటు. అలవాటును ఔచిత్యమని పిలిచినంత మాత్రాన అది శాస్త్రం కాజాలదు.

కథతో పొందిక చూద్దాం. చరిత్రలో ఈ ‘క్రమపరచువారు’ ఎటువంటివారు? 1884లో మోంటానాలో గ్రాన్‌విల్ స్టువర్ట్ నాయకత్వాన పశువుల ఆసాములు జట్టుకట్టి, మిస్సోరీ గండ్ల ప్రాంతంలో గుర్రపు దొంగలన్నవారిని వెంటాడి, న్యాయస్థానం ముఖం చూపకుండా ఉరితీశారు, కాల్చిచంపారు. 1892లో పొరుగున ఉన్న వయోమింగ్‌లో పెద్ద ఆసాములు కిరాయి తుపాకులను తెప్పించి చిన్నకారు రైతుల మీదికి దండెత్తారు. జాన్సన్ కౌంటీ యుద్ధమని దానికి పేరు. అదే వయోమింగ్‌లో ఆసాముల తరఫున మాటువేసి మనుషులను చంపుతాడని పేరుపడ్డ టామ్ హార్న్‌ను, ఒక బాలుని హత్య నేరంపై 1903లో ఉరితీశారు. వీథి మధ్యన నిలబడి ధర్మయుద్ధం చేసిన వీరులు ఈ చరిత్రలో చాలా తక్కువ. దూరం నుంచి, వెనుక నుంచి, చీకటిలో చంపిన జీతగాళ్లే ఎక్కువ. వారికి గాంభీర్యాన్ని తొడిగినది చలనచిత్రం. ఆ గాంభీర్యాన్ని బ్రాండో ఊడదీస్తే, అతడు ప్రక్రియ మర్యాదను చెడగొట్టి ఉండవచ్చు గాని సత్యాన్ని చెడగొట్టలేదు.

రెండవ అభియోగం అసహజత్వం. నికొల్సన్ సహజంగా నటించాడు, బ్రాండో వేషం కట్టాడు, ఒకే చిత్రంలో ఈ రెండు పద్ధతులూ ఇమడవు అంటారు. ఈ సమస్యకు భారతీయులు యూరోపు నుంచి పరిభాష అరువు తెచ్చుకోనక్కరలేదు. భరతముని నాట్యశాస్త్రంలో లోకధర్మి, నాట్యధర్మి అని రెండు మార్గాలను చెప్పాడు. లోకంలో జరిగే తీరును అనుసరించేది ఒకటి. ఆహార్యం, గతి, వాక్కు అన్నింటినీ రంగస్థలం కోసం రూపొందించుకొనేది రెండవది. ఈ రెండింటి కలయికను మన ప్రేక్షకులు ఎన్నడూ దోషంగా ఎంచలేదు. బ్రాండో పుట్టిన 1924లోనే పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు ‘దేవదాసు’లో కనురెప్పల బరువుతోనే విషాదాన్ని పలికించగా మెచ్చిన ఆంధ్ర ప్రేక్షకులే, ‘మాయాబజార్’లో ఎస్. వి. రంగారావు గదను భుజాన వేసి నడిచిన నడకనూ మెచ్చారు.

‘మిస్సోరీ బ్రేక్స్’లో ఈ రెండు మార్గాల పంపకం యాదృచ్ఛికం కాదు. లోగన్ దొంగ. దొంగతనానికి అడ్డుగా ఒక కమతం కొంటాడు. కొన్న తరువాత నీళ్లు మళ్లించి, కూరమడి వేసి, క్రమంగా రైతు అవుతాడు. నేలకు దగ్గరవుతున్న కొద్దీ నికొల్సన్ నటన మరింత నెమ్మదిస్తుంది. క్లేటన్‌కు ఇల్లు లేదు, పొలం లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా అధికారం, అదీ అద్దెకు తెచ్చుకున్నది. నేల మీద కాలు నిలవనివానికి లోకధర్మి ఎక్కడి నుంచి వస్తుంది? దొంగ మనిషిగా మారుతూ ఉంటే, శాంతిరక్షకుడు వేషాల మూటగా మారుతూ ఉంటాడు. కంచే చేను మేసే కథను చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉపాయం ఏముంది? నికొల్సన్‌ను పొగిడి బ్రాండోను తిట్టేవారు త్రాసులో ఒక పళ్లెం ఉంచుకొని రెండవదాన్ని విసిరివేస్తున్నారు.

ఈ నటనకు సమీప బంధువులు హాలీవుడ్‌లో కంటే ఆంధ్రదేశపు పల్లెలలో దొరుకుతారు. పగటివేషగాడు ఒకనాడు సాధువుగా, మరొకనాడు అధికారిగా, ఇంకొకనాడు స్త్రీగా గడపలో నిలుస్తాడు. హిందీ ప్రాంతాల్లో అతడు బహురూపియా, వంగదేశంలో బహురూపి. శంభు మిత్ర 1948లో కలకత్తాలో స్థాపించిన నాటక సమాజానికి ఆ పేరే పెట్టుకున్నాడు. శరత్‌బాబు ‘శ్రీకాంత్’ చదివిన తెలుగువారెవరూ శ్రీనాథ బహురూపిని మరచిపోరు. రాత్రివేళ పులివేషంలో వచ్చిన అతణ్ణి చూసి ఇంటిల్లిపాదీ గడగడలాడతారు. ఉన్నది మనిషేనని తేలగానే, తమ భయానికి తామే సిగ్గుపడి, ఆ కోపంతో అతని తోక కోయిస్తారు. బ్రాండో మీద విరుచుకుపడ్డ విమర్శకుల వైఖరికి శరత్‌బాబు ముందుగానే బొమ్మ గీసినట్టున్నాడు. క్లేటన్ వారిని నవ్వించవలసినచోట భయపెట్టాడు, భయపెట్టవలసినచోట నవ్వించాడు. ఏది ఎప్పుడో తెలియక కలవరపడినవారు చివరకు తోక కోసి తృప్తిపడ్డారు.

ముసలమ్మ గౌను విషయంలో ఆక్షేపణ మరింత తీవ్రం. హంతకుడు ఆడవేషంలో వచ్చి చంపడం వెకిలితనమని అన్నారు. స్థానం నరసింహారావు సత్యభామకు నీరాజనాలిచ్చినవారూ, వేదాంతం సత్యనారాయణశర్మ కూచిపూడి భామను చూసి మైమరచినవారూ, కలకత్తా జాత్రాలలో చపల్ భాదుడి రాణి పాత్రలకు చేతులెత్తి మొక్కినవారూ ఈ ఆక్షేపణకు తల ఊపనక్కరలేదు. ‘మాయాబజార్’లో సావిత్రి శశిరేఖ శరీరంలో ఘటోత్కచుణ్ణి నిలిపి చూపింది, ఆ దర్పమూ ఆ హుంకారమూ ఎవరికీ వెకిలిగా తోచలేదు. విరాటపర్వంలో ద్రౌపది కోసం వచ్చిన కీచకునికి నర్తనశాల చీకటిలో ఎదురైనవాడు భీముడు. స్త్రీని ఆశించినచోట మృత్యువు కూర్చుండడమన్న కల్పన ఈ దేశానికి కొత్త కాదు. భేదమల్లా ఒకటే. భీముని వెనుక ధర్మం ఉంది. క్లేటన్ వెనుక జీతం ఉంది. కొంతదూరం పోయాక ఆ జీతం కూడా ఉండదు. ఆసామి భయపడి ఇక చాలు వెళ్లిపొమ్మంటే, తాను మొదలుపెట్టిన పని పూర్తిచేసే పోతానంటాడు. హింసను అద్దెకు తెచ్చుకోవచ్చు, తిరిగి అప్పగించడం సాధ్యం కాదని చెప్పిన ఈ ఘట్టాన్ని వెకిలితనమన్నవారు దేనిని గంభీరమంటారో!

మూడవ అభియోగం, నటుని స్వార్థం. బ్రాండో సాటివారి నోటి నుంచి దృశ్యాలను లాక్కున్నాడని దీని సారాంశం. స్నానపుతొట్టి దృశ్యం ఒక్కటి చాలు, దీన్ని పరీక్షించడానికి. క్లేటన్ నురుగునీటిలో మునిగి కూర్చున్నాడు. లోగన్ తుపాకితో వచ్చాడు. అంతవరకూ మాటలతో గదిని నింపిన బ్రాండో, నెమ్మదిగా తిరిగి తన బోసి వీపును తుపాకికి అప్పగిస్తాడు. ముఖం లేదు, యాస లేదు, వేషం లేదు. ఒక స్థూలకాయుని తెల్లని వీపు మాత్రమే ఉంది. ఇక దృశ్యమంతా నికొల్సన్ ముఖానిదే. చంపవలసినవాడు చంపలేక, తన చేతకానితనమా మంచితనమా అని తేల్చుకోలేక, వెనుదిరిగే ఆ ఘట్టంలో లాక్కున్నవాడెవరు, ఇచ్చినవాడెవరు? తరువాత లోగన్ అతణ్ణి చంపుతాడు. ఎదురుగా కాదు, నిద్రలో గొంతు కోసి, మెలకువ ఎందుకొచ్చిందో ముఖాన ముఖం పెట్టి చెబుతాడు. ఇన్నాళ్లూ నిబ్బరంగా, సహజంగా కనిపించిన దొంగ ఆ ఒక్క క్షణంలో రెగ్యులేటర్ విద్యను నేర్చుకుంటాడు. క్లేటన్ అంత వికృతంగా లేకపోతే ఈ మార్పిడిలోని భయంకరత్వం ప్రేక్షకునికి అందదు.

సాహిత్యాభిమానులు ప్రత్యేకంగా గమనించవలసినది బ్రాక్స్‌టన్. ఇతడు మోటు మనిషి కాడు. ఆంగ్ల సాహిత్య గ్రంథాలతో నిండిన పుస్తకశాల ఇతనికి ఉంది. అదే అతని అతిశయం. అందమైన ప్రకృతి మధ్య, వనవిహారం వంటి వాతావరణంలో మొదలైన చిత్రం ఉరికొయ్య దగ్గర ఆగుతుంది. ఆ ఉరికి పెద్ద ఇతడే. చదువు సంస్కారాన్నిస్తుందని, సంస్కారం హింసను ఆపుతుందని ఊరట చెప్పుకొనేవారికి మెగ్వేన్ ఇక్కడ గట్టి చురక పెట్టాడు. ఇతని పుస్తకశాలా, క్లేటన్ పక్షిపరిశీలనా ఒకే కోవలోవి. కింది నేల ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా పైన నాగరికత ఎంత దిద్దుకున్నా, అది వేషమే అవుతుంది.

ఈ మాట న్యూ టౌన్‌లో కూర్చుని వినేవారికి మరికొంత లోతుగా తగలాలి. రాజార్‌హాట్ పరిసరాల్లోని పంటపొలాలూ చేపల చెరువులూ ఉన్న నేల మీద లేచినదే ఆ పట్టణం. 1990వ దశకంలో మొదలైన భూసేకరణకు 1894 నాటి చట్టమే ఆధారం. పరిహారం గురించీ, బలవంతం గురించీ రైతులు లేవనెత్తిన ఆక్షేపణలు చాలాకాలం సద్దుమణగలేదు. రవీంద్ర తీర్థ, నజ్రుల్ తీర్థ వంటి సంస్కృతి కేంద్రాలు అక్కడ ఉండడం సంతోషించదగిన విషయమే. అయినా బ్రాక్స్‌టన్ పుస్తకశాలను చూసి నవ్వే ప్రేక్షకుడు తాను కూర్చున్న ఆసనం కింది నేలను ఒకసారి తలచుకోవడం అమర్యాద కాదు. ఈ చింత అమరావతి, హైదరాబాదు శివార్ల వాసులకూ అవసరమే.

ఇంతగా చెప్పినంత మాత్రాన చిత్రం నిర్దోషమని కాదు. లోగన్ అనుచరులుగా రాండీ క్వెయిడ్, హారీ డీన్ స్టాంటన్, ఫ్రెడరిక్ ఫారెస్ట్ వంటి సమర్థులున్నా, ముఠాలో కొందరు చచ్చేదాకా ప్రేక్షకునికి పరిచయం కారు; అందుచేత వారి చావులో పట్టు తగ్గింది. ఆసామి కూతురు జేన్‌గా కాథ్లీన్ లాయిడ్ చురుకైన నటి. ఆ పాత్రకు మొదట ఇచ్చిన స్వతంత్రబుద్ధిని రచన చివరిదాకా నిలపలేదు. నడక అక్కడక్కడ సాగిలపడింది. బ్రాండో చేష్టల్లో కూడా ఒకటి రెండు కేవలం చేష్టలే. ఇవి చెప్పకుండా దాచే అభిమానులు నిందించేవారికంటే ఎక్కువ కీడు చేస్తున్నారు. మహానటుడు ఏమి చేసినా మహత్తరమే అనే వాదం విమర్శ కాదు, భజన. దానికీ మైనపు బొమ్మకు దండ వేయడానికీ తేడా లేదు. ఏ చేష్ట కథకు పనికివచ్చింది, ఏది రాలేదు అని ఏరి చెప్పగలిగితేనే మెచ్చుకోలుకు విలువ.

ఆర్థర్ పెన్‌కు ఈ అనుభవం కొత్తది కాదు. 1967లో ‘బానీ అండ్ క్లైడ్’ వచ్చినప్పుడు ‘న్యూయార్క్ టైమ్స్’లో బాస్లీ క్రౌథర్ దాన్ని పదే పదే దుయ్యబట్టాడు, పాలీన్ కేల్ సుదీర్ఘమైన వ్యాసంతో సమర్థించింది, చిత్రం నిలబడింది, క్రౌథర్ మరుసటి ఏడాది ఆ పత్రిక విమర్శకుని పీఠాన్ని వదిలాడు. ‘మిస్సోరీ బ్రేక్స్’కు అటువంటి అదృష్టం పట్టలేదు. మోంటానా, వయోమింగ్ భూవివాదాల కథను విప్పబోయిన వెస్టర్న్‌లకు ఆ కాలంలో గ్రహచారం బాగున్నట్టు లేదు. జాన్సన్ కౌంటీ యుద్ధం మీద మైకేల్ చిమినో 1980లో తీసిన ‘హెవెన్స్ గేట్’ కూడా ఘోరంగా దెబ్బతిన్నది. వీరత్వం అమ్ముడుపోయే సరుకు. వీరునికి జీతమిచ్చినదెవరన్న ప్రశ్న అంత తేలికగా అమ్ముడుపోదు.

పాశ్చాత్యుల గొడవ మనకెందుకని అడిగేవారూ లేకపోలేదు. వారికి రెండు ఉదాహరణలు చాలు. 1971లో కె. ఎస్. ఆర్. దాస్ దర్శకత్వంలో, కృష్ణ నాయకుడుగా వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’కు రచన చేసినవాడు ఎవరో కాదు, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర. పరదేశపు ప్రక్రియను ఈ నేలకు తెచ్చేటప్పుడు ఆ పండితుడు చిన్నతనం అనుకోలేదు. అందులో నాగభూషణం టక్కరి పాత్రను చూసినవారికి, ‘రక్తకన్నీరు’ నాటకంతో ఊరూరా జనాన్ని నవ్విస్తూ గుచ్చిన ఆ గొంతు గుర్తుకు రాక మానదు. 1975 ఆగస్టులో విడుదలైన ‘షోలే’లో అమ్జద్ ఖాన్ గబ్బర్ సింగ్ కూడా అంతే. ఖడీబోలీలో అవధీ యాస కలిపి, నవ్వునూ హత్యనూ ఒకే ఊపిరిలో పలికిన ఆ బందిపోటు, అప్పటిదాకా హిందీ చిత్రాలు పెంచిన గంభీర ఖలనాయకుల సభా మర్యాదను పాటించలేదు. ఆ గొంతు ప్రతినాయకునికి చాలదని మొదట సందేహించినవారున్నారు. ప్రజలు ఆ సందేహాన్ని కొట్టివేశారు.

కలకత్తా రసికులకు ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. రాయ్ 1980లో తీసిన ‘హీరక్ రాజార్ దేశే’లో ఉత్పల్ దత్ అంత్యప్రాసలతో మాట్లాడే నిరంకుశ ప్రభువుగా కనబడతాడు. కొలిచి చూస్తే అది జాత్రా నటన. సహజత్వంతో దానికి చుట్టరికం లేదు. దాన్ని ‘అతి’ అన్న బెంగాలీ విమర్శకుడు తన ఊళ్లో తలెత్తుకుని తిరగలేడు. నిరంకుశత్వం హాస్యాస్పదంగానూ ప్రాణాంతకంగానూ ఏకకాలంలో ఉంటుందని ఉత్పల్ దత్ చూపితే చప్పట్లు కొట్టి, అదే సంగతిని మోంటానా గుర్రం మీద బ్రాండో చూపితే మొగం చిట్లించడం న్యాయం కాదు.

కనుక చలనచిత్రోత్సవాలు నిర్వహించేవారు, తరగతిగదులలో చలనచిత్రాన్ని బోధించేవారు చేయవలసిన పని ఒకటి ఉంది. ఫోర్డ్ చిత్రాల వంటి నిర్వివాదమైన వెస్టర్న్‌లతో పాటు ఈ వివాదాస్పద చిత్రాన్నీ తెర మీదికి తేవాలి. ‘షోలే’నూ ‘మోసగాళ్ళకు మోసగాడు’నూ దాని పక్కన నిలపాలి. చూసినవారు పోట్లాడుకుంటే మంచిదే. ఆ పోట్లాటలో ‘అతి’ అన్న మాట వినబడగానే, దేనికంటే అతి అని ఎవరో ఒకరు లేచి అడగాలి. జవాబు చెప్పగలిగినవాడు కథను విప్పి, పాత్రను విప్పి, దృశ్యం చూపి మాట్లాడతాడు. అతడు బ్రాండోను నిరాకరించినా సరే, అది విమర్శే. జవాబు లేనివాడు చేసేదల్లా శ్రీనాథుని తోక కోయడమే.